తుపాను వారంలో లెక్కకెక్కని పని

2023 డిసెంబరు 3, ఆదివారం. ఆ రాత్రి చెన్నైలో మొదలైన వాన మర్నాడంతా వదల్లేదు. మిచౌంగ్ తుపాను తీరానికి దగ్గరగా నెమ్మదిగా కదలడంతో నగరం మీద కుండపోత కురిసింది. సోమవారం విమానాశ్రయం మూసేశారు. తమిళనాడు ప్రభుత్వం చెన్నైకి, చుట్టుపక్కల జిల్లాలకు సెలవు ప్రకటించి, ప్రైవేటు కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేయనివ్వాలని కోరింది. వేళచ్చేరిలో జనం కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరుసగా నిలిపారు. పళ్లికరణై, పెరుంబాక్కం, ముడిచూరు వైపు కొన్ని చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు.

ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంబడి ఉన్న ఐటీ కంపెనీల్లో నెల్లూరు, గుంటూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అద్దె తక్కువని, ఆఫీసుకు దగ్గరని వేళచ్చేరి, పెరుంగుడి, తొరైపాక్కం చుట్టూ ఉండే పీజీల్లో, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకున్న ఫ్లాట్లలో ఉంటారు. ఆ సోమవారం వాళ్లలో ఒకరికి ఎలా గడిచిందో కాస్త దగ్గరగా చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఆ వారం అక్కడున్న చాలామందికి ఇంచుమించు ఇలాగే గడిచింది.

పొద్దున ఆరింటికి లేచేసరికి కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు. కింద ఉండే ముసలి దంపతులను, వాళ్ల బియ్యం డబ్బాను, గ్యాస్ సిలిండరును మెట్లమీదుగా పైకి చేర్చాలి. మోటారు మునిగింది కాబట్టి ట్యాంకులో ఉన్న నీళ్లే నీళ్లు. వాటిని నాలుగు ఇళ్లకు పంచుకోవాలి. తాగడానికి క్యాన్ ఒకటే మిగిలింది. పాల ప్యాకెట్ల కోసం ఒకరు తొడలోతు నీళ్లలో వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఫోన్‌లో చార్జింగ్ 31 శాతం. ఆ 31 శాతం దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకోవడం కూడా ఆ రోజు ఒక పనే. సిగ్నల్ రావాలంటే మేడ మీదకు వెళ్లి, గొడుగు కింద ఒక మూల నిలబడాలి.

ఇంతలో మేనేజర్ నుంచి గ్రూపులో మెసేజ్: “అందరూ సేఫ్‌గా ఉండండి. సాయంత్రం కాల్‌లో స్టేటస్ చెప్పండి.”

రెండు వాక్యాలూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. మొదటిది మనిషి రాసింది. రెండోది అలవాటు రాసింది. రాసిన మేనేజర్ చెడ్డవాడు కానక్కర్లేదు. అతని ఇంట్లోనూ కరెంటు లేకపోయి ఉండొచ్చు, అతని మీదా ఎవరో ఒకరు స్టేటస్ అడుగుతూ ఉండొచ్చు. చదివినవాళ్ల మనసులో మాత్రం రెండో వాక్యమే నిలిచిపోయింది. మిగిలిన చార్జింగ్‌లో సగం ఆ కాల్ కోసం దాచిపెట్టినవాళ్లున్నారు.

ఆ తుపాను చెన్నైతో ఆగలేదు. మంగళవారం, డిసెంబరు 5న, బాపట్ల దగ్గర తీరం దాటింది. కోస్తాలో వరి కోతల సమయం అది. ఎంతో చేను కోసి పనల మీద ఉంది, ఇంకెంతో కోతకు సిద్ధంగా నిలబడి ఉంది. అంటే చెన్నైలో నీళ్ల మధ్య చిక్కుకున్న పిల్లలకు ఇక్కడి వాన తెరిపివ్వగానే అక్కడి వాన భయం మొదలైంది. అటునుంచి అమ్మ “తిన్నావా అమ్మా? బయటికెళ్లకు” అంటుంది. ఇటునుంచి కూతురు “కుప్ప వేశారా? నాన్న పొలం వెళ్లాడా?” అంటుంది. లైను కట్ అవుతుంది. మళ్లీ మేడెక్కాలి.

సాయంత్రం కాల్‌లో ఆమె ఏం చెబుతుంది? “ఇవాళ ఏమీ చేయలేకపోయాను, సారీ.” పన్నెండు గంటలు కాలు నిలపకుండా తిరిగిన మనిషి, ఏమీ చేయలేదని క్షమాపణ అడుగుతోంది.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. కష్టకాలంలో మనిషి ఖాళీగా ఉండడు. మామూలు రోజుల్లో కుళాయి చేసే పని, ఫ్రిజ్ చేసే పని, బస్సు చేసే పని అన్నీ అతని ఒంటిమీద పడతాయి. వీటికి తోడు జబ్బుపడ్డవాళ్లను చూసుకోవడం, ఇంటికి ఫోన్లు చేయడం, తర్వాత ఏమవుతుందోనని కనిపెట్టుకుని ఉండడం. ఇదంతా పనే. ఆఫీసు షీటులో దానికి గడి లేదు కాబట్టి చేసినవాళ్లకే అది పనిగా అనిపించదు. “నా ప్రొడక్టివిటీ పడిపోయింది” అనే మాటలో సగం బాధ ఈ లెక్క తప్పు వల్ల వచ్చిందే.

మిగతా సగం మెదడుకు సంబంధించింది. ప్రమాదం దగ్గరలో ఉందని శరీరానికి తెలిసినప్పుడు మెదడు తన శక్తిని వేరే చోటికి మళ్లిస్తుంది. ప్రణాళిక వేయడం, ఒక విషయాన్ని మనసులో పట్టుకుని రెండో దానితో పోల్చడం, కోపాన్ని ఆపుకోవడం లాంటివి నుదుటి వెనక ఉండే ముందుభాగం చేసే పనులు. యేల్ విశ్వవిద్యాలయంలో మెదడు శాస్త్రవేత్త ఎయిమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, మన చేతుల్లో లేని ఒత్తిడి మీద పడినప్పుడు మొదట మందగించేది ఈ భాగమే. అప్పుడు పాతకాలపు భాగాలు పగ్గాలు తీసుకుంటాయి. చప్పుడైతే ఉలిక్కిపడడం, తలుపు గడియ మళ్లీ మళ్లీ చూడడం, ఒకే వార్తను పదిసార్లు తెరవడం వాటి పని. కోడ్ రాయడం, రిపోర్టు సరిదిద్దడం వాటికి చేతకాదు. తుపాను రోజు లాప్‌టాప్ ముందు కూర్చుని ఒకే లైను నాలుగుసార్లు చదివినా ఎక్కకపోవడం సోమరితనం వల్ల కాదు. కాపలాకు వెళ్లిన మెదడును ఆఫీసు పనికి పిలుస్తున్నాం.

దీనికి మంచి ఉదాహరణ చెన్నైకి కొన్ని గంటల దూరంలోనే దొరుకుతుంది. విళుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల్లో 464 మంది చెరకు రైతులను పరిశోధకులు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత మరోసారి పరీక్షించారు. ఆనందీ మణి, సెంధిల్ ముల్లయినాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేసిన ఈ అధ్యయనం 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చెరకు రైతుకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది. కోతకు ముందు చేతిలో ఏమీ ఉండదు, వస్తువులు తాకట్టులో ఉంటాయి. కోత తర్వాత అప్పు తీరి ఊపిరి ఆడుతుంది. మనిషి అదే మనిషి, చదువు అదే చదువు. అయినా ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో కోతకు ముందు మార్కులు తగ్గాయి. ఈ తేడా ఎంతన్న దానిమీద తర్వాత పండితుల మధ్య వాదోపవాదాలు జరిగాయి. కానీ తాకట్టు కొట్టు వైపు ఒక్కసారైనా నడిచినవాళ్లకు ఈ ఫలితం కొత్తగా అనిపించదు. డబ్బు గురించి గానీ, ఆస్పత్రిలో ఉన్న నాన్న గురించి గానీ బెంగ తలలో ఒక గది అద్దెకు తీసుకుని కూర్చుంటుంది. మిగిలిన గదుల్లోనే మిగతా సంసారం సర్దుకోవాలి.

నిద్ర సంగతీ అంతే. మద్యం తాగి బండి నడిపిన కేసుకు మన చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. 17 గంటలు ఆగకుండా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, అదే కొలతలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 1997లో చూపింది. రాత్రంతా నీటిమట్టం చూస్తూ గడిపి, పొద్దున తొమ్మిదింటికి లాగిన్ అయిన మనిషికి ఆ స్థితిలోనే ప్రొడక్షన్ సర్వర్, అంటే జనం వాడుతున్న అసలు సర్వర్, అప్పగిస్తున్నామని అర్థం.

“కానీ అవసరం పడ్డప్పుడు మనిషి ఎంతైనా చేస్తాడు కదా, యుద్ధాల్లో చేయలేదా?” అని అడిగేవాళ్లుంటారు. సరైన ప్రశ్నే. దానికి జవాబు యుద్ధం నుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫిరంగి గుండ్ల కర్మాగారాల్లో కార్మికుల చేత ఆదివారాలు కూడా పని చేయించారు. అంతకంటే అత్యవసరం ఇంకేముంటుంది? సైన్యానికి గుండ్లు చాలడం లేదు. ఆ సమయంలో పని గంటల మీద ప్రభుత్వమే ఒక కమిటీ వేసి లెక్కలు తీయించింది. ఆదివారం సెలవు ఇవ్వాలని ఆ కమిటీయే చెప్పింది. వందేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్కావెల్ ఆ పాత లెక్కలనే మళ్లీ పరిశీలించారు. వారానికి దాదాపు 50 గంటల వరకు గంటలు పెరిగినకొద్దీ తయారయ్యే సరుకు పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించింది. 70 గంటలు చేసినా 56 గంటల్లో వచ్చినదానికంటే పెద్దగా ఎక్కువ రాలేదు. పైనున్న 14 గంటలు ఒళ్లు హూనం చేసుకోవడానికే సరిపోయాయి.

మిచౌంగ్‌కు కొద్ది వారాల ముందే, 2023 అక్టోబరులో, యువత వారానికి 70 గంటలు పని చేయాలని ఎన్.ఆర్. నారాయణమూర్తి అన్న మాట దేశమంతా చర్చయింది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట అన్నారు. అటువైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ఇచ్చిన నివేదిక ఉంది. వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవాళ్లలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ఆ నివేదిక అంచనా. ఇవి మామూలు కాలపు లెక్కలు. వరదో, కరోనాయో, ఇంట్లో చావో వచ్చిన వారానికి వేరే లెక్క ఉండాలని ఎవరూ అనుకోకపోవడమే బాధాకరం.

తెలుగువాళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఈ అపరాధ భావం మనకు కంపెనీలో చేరాక వచ్చింది కాదు. ఇంటర్‌లోనే వచ్చింది. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు గడిపినవాళ్లను అడగండి. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదిదాకా స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడమీద ర్యాంకుల జాబితా. జ్వరం వస్తే పక్కమీద పడుకున్నా చేతిలో మెటీరియల్ ఉండాలి. ఇంట్లో పెళ్లికి వెళ్తే “రెండు రోజుల సిలబస్ పోయింది” అని బెంగ. తాతయ్య పోతే పరీక్ష అయ్యేదాకా పిల్లాడికి చెప్పని ఇళ్లున్నాయి. పదహారేళ్ల వయసులో అలా రెండేళ్లు గడిచాక, ఊరికే కూర్చోవడం తప్పు అన్నది ఎముకల్లోకి దిగుతుంది. అందుకే ఆ తర్వాత పదేళ్లకు, చుట్టూ నీళ్లుండగా, ఎవరూ అడగకుండానే “ఏమీ చేయలేకపోయాను, సారీ” అనే మాట నోటికొస్తుంది. ఆ మాట విన్న మేనేజర్ కూడా చాలాసార్లు అలాంటి హాస్టల్ నుంచి వచ్చినవాడే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ ధోరణి బాగా బయటపడింది. ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి మూతపడితే ఇంట్లో కూర్చున్న న్యూటన్ గురుత్వాకర్షణ కనిపెట్టాడు, మీరేం చేస్తున్నారు అనే తరహా పోస్టులు వాట్సాప్‌లో తిరిగాయి. ఆన్‌లైన్ కోర్సులు, కొత్త భాషలు, సిక్స్ ప్యాక్‌లు. న్యూటన్ కథలో నిజం ఉంది. 1665లో విశ్వవిద్యాలయం మూతపడ్డాక అతను వూల్స్‌థార్ప్‌లోని సొంత ఇంటికి వెళ్లాడు, అక్కడ గొప్ప ఆలోచనలు చేశాడు. అయితే అతనికి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, సాయంత్రం కాల్ లేదు. పొలం, ఇల్లు చూసుకునే కుటుంబం ఉంది. ఆ ఆలోచనలు ‘ప్రిన్సిపియా’గా అచ్చయింది 1687లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. చిన్న పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసు పెట్టి, అత్తగారికి షుగర్ మందు ఇచ్చి, అంట్లు తోమి, లాగిన్ అయిన ఒక ఇల్లాలి ముందు న్యూటన్‌ను ఉదాహరణగా నిలబెట్టడం అన్యాయం.

ఇంకో ఉదాహరణ మన దగ్గరిదే, మద్రాసుదే. శ్రీనివాస రామానుజన్ జబ్బుతో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చి, 1920 జనవరిలో మాక్ తీటా ఫంక్షన్లు అనే కొత్త గణిత విషయం గురించి అక్కడి గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 26న చెట్‌పట్‌లో కన్నుమూశాడు. చావు దగ్గరలోనూ పని ఆపలేదని స్ఫూర్తి ప్రసంగాల్లో చెబుతుంటారు. దీన్ని నిజాయితీగా ఒప్పుకోవాలి: కొందరికి కష్టంలో పనే ఊరట. గణితమో, సంగీతమో, కుట్టుపనో, తోటపనో మనసును నిలబెడుతుంది. అలాంటివాళ్లను బలవంతంగా విశ్రాంతి తీసుకోమనడం కూడా తప్పే. కానీ రామానుజన్‌ను ఆ చివరి నెలల్లో ఎవరూ స్టేటస్ అడగలేదు. ఆ పని అతనిది. ఆ ప్రసంగాల్లో రాని ముక్క ఒకటుంది. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయలకు గుమాస్తాగా చేరిన రామానుజన్‌కు మరుసటి ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. గుమాస్తా పని నుంచి విడుదల. మూడు నెలలకొక నివేదిక ఇస్తే చాలు. అతని ప్రతిభ ఎంత నిజమో, ఆ తీరిక ఇచ్చినవాళ్ల వివేకం కూడా అంత నిజం.

తీరిక ఇవ్వడం మన ఇళ్లకు తెలియని విషయం కాదు. ఇంట్లో మనిషి పోతే పొయ్యి వెలిగించరు, చుట్టాలో ఇరుగుపొరుగో అన్నం తెచ్చి పెడతారు. ఊళ్లోవాళ్లు పలకరించడానికి వస్తారు. వచ్చినవాళ్లు పెద్దగా ఏమీ మాట్లాడరు, కాసేపు కూర్చుని వెళ్తారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్లను పనులు అడగరు. అలాగే పురిటి స్నానం దాకా బాలింతను ఒక గదిలో కదలకుండా చూస్తారు. జ్వరం తగ్గితే వెంటనే పొలానికి పంపరు. ముందు పథ్యం పెడతారు. చారు అన్నం, బీరకాయ, పల్చటి మజ్జిగ. జ్వరం పోయినా ఒళ్లు ఇంకా తేరుకోలేదని, తేరుకోవడానికి కూడా రోజులు కావాలని ఆ పథ్యానికి అర్థం.

ఈ ఆచారాలను నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు. మైల పేరుతో ఆడవాళ్లను అంటరానివాళ్లుగా చూశారు. కులాన్ని బట్టి రోజులు మారాయి. పాలేరుకూ కూలికీ ఆ తీరిక ఎప్పుడూ దక్కలేదు, వాళ్ల ఇంట్లో చావైనా పెద్ద రైతు పొలంలో నాట్లు ఆగలేదు. వాటిలో పట్టుకోవాల్సింది ఒక్కటే. ఆగడానికి అనుమతి అడగాల్సిన భారం దుఃఖంలో ఉన్న మనిషి మీద ఉండేది కాదు. చుట్టూ ఉన్నవాళ్లే ఆపేవాళ్లు. ఇవాళ ఆఫీసులో అది తలకిందులైంది. తండ్రి పోయిన మనిషే పోర్టల్ తెరిచి, సెలవు రకం ఎంచుకుని, కారణం రాసి, ఆమోదం కోసం ఎదురుచూడాలి. రోజులు కంపెనీ విధానాన్ని బట్టి. పన్నెండో రోజు కాకముందే “వీలైతే ఒక్కసారి కనెక్ట్ అవుతారా?” అని మెసేజ్.

తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం 1947 నాటిది. అందులో ఏడాదికి జబ్బు కోసం 12 రోజుల వరకు, సమంజసమైన ఏ కారణానికైనా మరో 12 రోజుల వరకు జీతంతో సెలవు ఉంది. ‘సమంజసమైన కారణం’ అన్న ఆ మాట ఎంత విశాలమైనదో చూడండి. ఇంట్లోకి నీళ్లు రావడం సమంజసమైన కారణం. మూడు రాత్రులు నిద్ర లేకపోవడం సమంజసమైన కారణం. ఆ సెలవులు ఏడాది చివర వాడకుండా మురిగిపోయేది చట్టం లేక కాదు, అడగడానికి మొహమాటం వల్ల.

ఆ మొహమాటం ఒక్కరుగా పోగొట్టుకోవడం కష్టం. మద్రాసు చరిత్ర చెప్పేదీ అదే. 1918 ఏప్రిల్ 27న పెరంబూరులో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో క్రమబద్ధంగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికుల గోడు విని దానికి పూనుకున్నవాళ్లు జి. చెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు. అధ్యక్షుడు బి.పి. వాడియా. ఆ కార్మికుల ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే సమయం చాలడం లేదన్నది. కూలి ఎంత అన్నదానితో పాటు, అన్నం నమిలి తినే సమయం కూడా పోరాటానికి కారణమైంది. మొన్నమొన్న 2021లో ఇదే రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లు కూర్చోవడానికి ఆసనం ఉండి తీరాలని నియమం పెట్టింది. అంతకుముందు కేరళ అదే పని చేసింది. టీ నగర్ రంగనాథన్ వీధిలో చీరల కొట్లలో పండగ సీజన్‌లో ఉదయం నుంచి రాత్రి దాకా నిలబడే ఆడపిల్లలకు స్టూలు మీద కూర్చోవడం కూడా చట్టం రాస్తే గానీ రాలేదు. 2023 ఏప్రిల్ 21న ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటల పనికి వీలిచ్చే బిల్లు అసెంబ్లీలో నెగ్గింది. సంఘాలు, మిత్రపక్షాలు గట్టిగా ఎదురుతిరగడంతో మూడు రోజుల్లో దాన్ని ఆపారు, మే డే నాడు వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. ఇన్నిటిలో ఏదీ ఒక మనిషి మనసు దిటవు చేసుకోవడం వల్ల వచ్చింది కాదు.

అందుకే “ఒత్తిడిని జయించండి, ధ్యానం చేయండి” అనే సలహాలు సగం దూరమే తీసుకెళ్తాయి. ధ్యానం మంచిదే. కానీ టీమ్‌లో ఎనిమిది మందిలో ఆరుగురి ఇళ్లలో కరెంటు లేనప్పుడు, ఆరుగురూ విడివిడిగా సారీ చెప్పడం కంటే ఆరుగురూ కలిసి ఒకే మెయిల్ పెట్టడం తేలిక, మర్యాద కూడా. ఆ మెయిల్‌లో బాధంతా రాయక్కర్లేదు. “ఈ వారం మా వల్ల ఈ రెండు పనులు అవుతాయి. మూడోది వచ్చే వారం బుధవారానికి జరుపుతున్నాం. క్లయింటుకు ఏం చెప్పాలో మీరు చూడండి” అని రాస్తే చాలు. ఏది ఆగుతుందో పేరుపెట్టి చెప్పడం ముఖ్యం. “ప్రయత్నిస్తాను” అన్న మాట ఇద్దరినీ ముంచుతుంది. విన్నవాళ్లు అవుతుందనుకుంటారు, అన్నవాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు. పైనున్నవాళ్లు చేయాల్సింది ఇంకా చిన్నది: క్షేమం అడిగే మెసేజ్‌లో పని ప్రస్తావన తేకపోవడం. పని సంగతి తప్పదనుకుంటే విడిగా, ఇంకో పూట, ఏది ఆపుకోవచ్చో తామే ముందు చెప్పి అడగడం.

అన్నిటికంటే మనిషిని నలిపేది దొంగ హాజరు. చాట్‌లో తన పేరు పక్క పచ్చచుక్క ఆరిపోకుండా అయిదు నిమిషాలకోసారి మౌస్ కదపడం. అటు పని కాదు, ఇటు విశ్రాంతీ కాదు. కింద నీళ్లు తోడుతున్నవాళ్లకు సాయం చేయలేరు, పైన ఒక ఫైలూ పూర్తి చేయలేరు. అలాంటి రోజున సగం పూట సెలవు పెట్టి లాప్‌టాప్ మూసేయడం ఆఫీసుకూ మేలే.

సెలవు మాట అసలు అనలేనివాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ వారం చెన్నైలో కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులు, కరెంటు బోర్డు (ఈబీ) లైన్‌మెన్లు, నర్సులు ఆగలేదు. ఆగితే ఊరు ఆగుతుంది. డెలివరీ కుర్రాళ్లకు ఆగితే ఆ రోజు కూలి లేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల ఇళ్లే ముందు మునిగాయి. వాళ్లకు విశ్రాంతి గురించి చెప్పడం సిగ్గుచేటు. వాళ్లకు కావాల్సింది రాని రోజులకూ కోత లేని జీతం, నీళ్లలో ఆర్డరు పెట్టని ఇంగితం, తర్వాత వరుసగా దొరికే సెలవు. సెలవు పెట్టుకునే వీలున్న ఇంట్లో, రాలేకపోయిన పనిమనిషికి నాలుగు రోజులు కోసి ఇచ్చారంటే వరద బరువు కిందికి దొర్లించినట్టే.

నీళ్లు పోయాక ఇంకో దశ మొదలవుతుంది. అందరూ మర్చిపోయేది దీన్నే. రోడ్డు ఎండింది, కరెంటు వచ్చింది, కాబట్టి సోమవారం నుంచి అంతా మామూలే, పోయిన వారం పని కూడా ఈ వారమే పూర్తి చేయాలి అంటారు. కానీ 2015 డిసెంబరు వరద చూసినవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. ఆ డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. 1878లో మొదలైన ‘ది హిందూ’ పత్రికే సిబ్బంది ప్రెస్సుకు చేరలేక మరుసటి రోజు చెన్నైలో అచ్చు కాలేదు. నీళ్లు రెండు మూడు రోజుల్లో తీశాయి. అసలు చాకిరీ ఆ తర్వాత. గోడలకు నడుం ఎత్తున బురద చార, పరుపులు వీధిలో, మెకానిక్ కోసం బండ్ల వరుస. పోయిన సర్టిఫికెట్లు, పట్టాలు మళ్లీ ఇవ్వడానికి ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలే పెట్టాల్సి వచ్చింది. 2023లోనూ 6,000 రూపాయల సాయం కోసం రేషన్ షాపుల ముందు టోకెన్లు పట్టుకుని జనం నిలబడ్డారు. ఇవన్నీ ఆఫీసు వేళల్లోనే చేయాల్సిన పనులు.

ఒళ్లు కూడా అప్పుడే లొంగుతుంది. ప్రమాదం ఉన్నన్నాళ్లు నిలబడ్డ మనిషి, అది దాటాక జ్వరంతోనో, కారణం తెలియని ఏడుపుతోనో పడిపోవడం మామూలు విషయం. రెండు మూడు వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, వాన చప్పుడు వింటే గుండె దడ వస్తే, బతకడం మీద విసుగు వస్తే డాక్టరును కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు.

వేళచ్చేరిలో ఆ పై అంతస్తు గదిలో రెండో వారం ఇలా ఉంటుంది. పదో తరగతి మార్కుల జాబితా, ఇంజనీరింగ్ పట్టా, నాన్న పాస్‌బుక్ జిరాక్సు నేలమీద న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన ఫ్యాన్ వేసి ఉంది. ఎగరకుండా మూలల మీద స్టీలు గ్లాసులు పెట్టారు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వేలితో మెల్లగా, చిరగకుండా విడదీయాలి. ఒక్కో కాగితానికి పది నిమిషాలు పడుతుంది. బాపట్ల నుంచి ఫోన్: తడిసిన ధాన్యం రోడ్డుమీద ఆరబోశారు, రంగు మారింది, ధర ఎంత కడతారో తెలియదు. ఆమె ఫోన్ స్పీకరులో పెట్టి, కాగితాలు విడదీస్తూనే వింటోంది. లాప్‌టాప్ మూసి ఉంది. సెలవు మెయిల్ పొద్దునే వెళ్లింది, అందులో ఈసారి సారీ అన్న మాట లేదు.